విషాదాంతమైతే జనం చూడరన్న మాట ఒప్పుకోను

సినిమా ముగింపుల మీద మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ, 'మన ప్రేక్షకులకు శుభం కార్డు పడాల్సిందే' అన్న మాట దగ్గర ఆగిపోయాను. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' మాటేమిటి? చివర్లో నాయికా నాయకులిద్దరూ చనిపోతారు. అయినా జనం నెత్తిన పెట్టుకున్నారు. బాలచందర్ గారు 1981లో హిందీలో తీసినప్పుడు కూడా ఆ ముగింపును సుఖాంతం చెయ్యలేదు, అక్కడా పెద్ద హిట్టయింది.

ఏడాది పాటు దూరంగా ఉండాలని పెద్దలు పెట్టిన షరతుకి ఆ పిల్లలిద్దరూ కట్టుబడతారు. గడువు తీరి కలుసుకోవాల్సిన సమయానికి అంతా కూలిపోతుంది. ఆ షరతు గురించి మనకి ముందే తెలుసు కాబట్టి మనమూ వాళ్లతో పాటు రోజులు లెక్కపెడుతూ ఉంటాం. అందుకే అంత ఏడుపొస్తుంది. ఏడ్చినా, మోసపోయామని మాత్రం అనిపించదు.

'గీతాంజలి' దీనికి పూర్తిగా వేరు. ఇద్దరికీ చావు దగ్గర్లోనే ఉందని తెలిసినా మణిరత్నం వాళ్ల మరణాలు చూపించలేదు. రైల్వే స్టేషన్‌లో కలిపి వదిలేశారు. నాకు అదే చాలనిపించింది, ఇప్పటికీ!

నిరాశ కలిగేది ఎక్కడంటే, రెండు గంటలు దుర్మార్గం చేసిన మనిషి చివరి అయిదు నిమిషాల్లో కన్నీళ్లు పెట్టుకుని మారిపోయినప్పుడు. ఆ మార్పు అతనిలో ఎక్కడ మొదలైందో ఒక్క సీనులోనైనా చూపించాలి కదండీ.