ఉప్పాడ బీచ్ రోడ్డు గారూ, ఈ ఏడాది ఉంటారా?

శ్రీయుత కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం అందేసరికి మీరు ఎక్కడుంటారో తెలీదు గనక కవరు మీద రెండు చిరునామాలు రాశాను. మొదటిది, సుబ్బంపేట దగ్గర, సముద్రానికి పడమటి పక్క. రెండోది, అదే సుబ్బంపేట దగ్గర, సముద్రంలో. ఏది కుదిరితే అది పోస్ట్‌మ్యాన్ గారు చూసుకుంటారు.

ముందుగా అభినందనలు. రాష్ట్రంలో రోడ్లకేం కొదవ లేదు. గోతులున్నవి, టోలు కట్టించుకునేవి, శంకుస్థాపన రాయి దగ్గరే ఆగిపోయినవి, అన్నీ ఉన్నాయి. కానీ మీలాగా క్యాలెండరు చూసుకుని వార్తల్లోకెక్కే రోడ్డు ఇంకోటి లేదండి. అక్టోబరు వచ్చిందంటే బంగాళాఖాతంలో అల్పపీడనం, టీవీలో మీరు. అది వాయుగుండమైతే మీకు రెండు వైపులా బారికేడ్లు, మధ్యలో పోలీసులు. తుఫానైతే ఇక చెప్పక్కర్లేదు, తెల్లారేసరికి సగం మీరుంటారు, సగం ఉండరు.

అది ఎక్కడ తీరం దాటుతుందన్న పట్టింపు కూడా మీకు లేదు. 2018 డిసెంబరులో పెథాయ్ మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలోనే దాటింది, సరే, ఇంటికొచ్చిన చుట్టం అనుకున్నాం. 2020 నవంబరులో నివర్ ఎక్కడో పుదుచ్చేరి దగ్గర దాటితే ఇక్కడ ఉప్పాడలో కెరటాలు విరుచుకుపడ్డాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం వైపు దాటింది. పేరు ఏ దేశం పెట్టినా, దారి ఏ ఊరి మీదుగా పోయినా, హాజరు పట్టీలో మాత్రం మీ సంతకం తప్పదు.

మీ వల్ల ఎంతమంది బతుకుతున్నారో మీకు తెలుసో లేదో. టీవీ రిపోర్టరు గారు రెయిన్‌కోటు వేసుకుని, వెనకాల కెరటం సరిగ్గా లేచేదాకా ఆగి, "ఇక్కడ పరిస్థితి భయానకంగా ఉంది" అంటారు. ఆయన వెనకే బుల్లెట్ల మీద వచ్చిన కుర్రాళ్లు సెల్ఫీలు దిగుతుంటారు. భయానకంగా ఉన్నచోటికి జనాన్ని రప్పించడంలో మిమ్మల్ని మించిన టూరిజం శాఖ లేదు. రెండో రోజు కాన్వాయ్ వస్తుంది. మీరు తెగిన అంచు దగ్గర నాయకులు వరసగా నిలబడి సముద్రంలోకి వేలు చూపిస్తారు. ఆ వేలు దేనికో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అక్కడ సముద్రం ఉన్న సంగతి ఉప్పాడవాళ్లకి తెలుసు కదా. మూడో రోజు నుంచి రాళ్ల లారీలు. టిప్పర్లు వస్తూనే ఉంటాయి, బండలు పడుతూనే ఉంటాయి, పైన గ్రావెల్, దాని పైన తారు, ఆ పైన ఒక బోర్డు. ఇదంతా ఫైల్లో "తాత్కాలిక మరమ్మతు" అన్న పేరుతో ఉంటుంది. మన దగ్గర శాశ్వతంగా జరిగే పని ఏదైనా ఉందంటే అది ఈ తాత్కాలిక మరమ్మతే.

ఒక చిన్న అనుమానం. ఇన్నేళ్లుగా పోసిన ఆ రాళ్లన్నీ ఎక్కడికి పోయాయండి? సముద్రం మింగిందంటారు. సముద్రానికి రాళ్లరగవు. కెరటం వచ్చి నిటారు రాతికట్టకి కొట్టుకుంటే దాని జోరు ఊరికే పోదు, వెనక్కి మళ్లేటప్పుడు కట్ట అడుగున ఇసుకని తోడుకుపోతుంది. అడుగు డొల్లయితే రాయి కూరుకుపోతుంది. అప్పుడు దాని మీద ఇంకో రాయి వేస్తాం. పైగా ఇక్కడ రాతికట్ట కడితే కట్ట అయిపోయిన చోట కోత మొదలవుతుంది. అంటే మనం ఒక పేటని కాపాడి సముద్రానికి పక్క పేట దారి చూపిస్తున్నామన్నమాట. ఈ పద్ధతిలో వెళ్తే ఉప్పాడ, సూరాడపేట, మాయాపట్నం, కోనపాపపేట, ఇలా ఒక్కో ఊరికీ వరసగా న్యాయం జరుగుతుంది.

జియోట్యూబు గుర్తుందా? పదేళ్ల పైమాటే. కోట్లు పోసి, గట్టి గుడ్డతో పెద్ద పెద్ద గొట్టాలు కుట్టించి, వాటి నిండా ఇసుక నింపి మీ ముందు పడుకోబెట్టారు. ఇక ఉప్పాడకి ఢోకా లేదన్నారు. కొన్నేళ్లకి గుడ్డ చిరిగింది, ఇసుక సముద్రంలో కలిసింది. సముద్రానికి కావలసింది ఇసుకే కదా, ఆ లెక్కన చూస్తే పథకం విజయవంతమైందనే చెప్పాలి.

వెటకారం కాదండి, నిజంగానే దానికి కావలసింది ఇసుకే. మన తీరం పొడవునా నైరుతి గాలులప్పుడు నీటివాలు దక్షిణం నుంచి ఉత్తరానికి. కెరటాలు ఒక ఊరి ఇసుక పట్టుకెళ్లి పై ఊళ్లో పోస్తాయి, కింది ఊరికి ఇంకా దిగువ నుంచి కొత్త ఇసుక వస్తుంది. ఈ వ్యవహారమంతా పెట్టుబడి పెట్టి నడిపింది గోదావరి. మరి ఆవిడ దగ్గరే సరుకు తగ్గిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీ భూగోళ శాస్త్రవేత్తలు 2004లో వేసిన లెక్క ప్రకారం, గోదావరి నీళ్లలో కొట్టుకొచ్చే ఒండ్రు 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు. 1990ల్లో అది 6 కోట్ల టన్నుల లోపు. మహారాష్ట్రలో పైఠణ్ దగ్గర జాయక్వాడీ, తెలంగాణలో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్, ఇంకా ఉపనదుల మీద లెక్కలేనన్ని. ఆనకట్టలన్నీ తలా కాస్త ఆపేసుకుంటే చివరాఖరికి ఉప్పాడ వాటా ఎంత మిగులుతుందో మీరే చెప్పండి. మహారాష్ట్రలో ఆగిన మట్టికి సుబ్బంపేటలో గోడ కూలుతుందంటే నమ్మేవాళ్లు తక్కువ. ఎన్నికల్లో ఆ గొడవ చెప్పి ఓట్లడగడం ఇంకా కష్టం. రాయి వేశామంటే కంటికి కనిపిస్తుంది.

దీనికి తోడు కాకినాడ ముందు హోప్ ఐలాండ్. దాదాపు రెండు వందల ఏళ్లుగా గోదావరి ఇసుకతో మేటవేసిన దిబ్బ, పదహారు కిలోమీటర్ల పొడవు. కాకినాడ పోర్టుకీ ఊరికీ అదే రక్ష, ఉప్పెన వస్తే ముందు తనే కాచుకుంటుంది. దాని కొస ఉత్తరానికి పెరిగే కొద్దీ కెరటాల జోరంతా ఉప్పాడ మీదికి మళ్లుతోందని తీరాన్ని పరిశీలించినవాళ్లు అంటారు. కాకినాడవాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటారు, ఉప్పాడవాళ్లు సామాను సర్దుకుంటారు.

మీ చుట్టాల సంగతి కూడా చెప్పాలి. విశాఖలో ఆర్కే బీచ్ గారు ఉన్నారు కదా. అక్కడ ఔటర్ హార్బర్ గోడలు ఇసుకని ఆపేస్తాయి గనక, పోర్టువాళ్లే డ్రెడ్జరుతో తోడి బీచ్‌లో పోయిస్తుంటారు. అంటే ఏం చెయ్యాలో మనవాళ్లకి తెలీక కాదు. అక్కడ స్టార్ హోటళ్లు ఉన్నాయి, మీ దగ్గర వల బాగుచేసుకునేవాళ్లు ఉన్నారు. ఆయనకి ఇసుక, మీకు కంకర. మీరూ ఇసుకకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక ఇస్తున్నారు కూడాను. కాకపోతే సముద్రుడికి ఆధార్ లేదు, ఓటీపీ రావడానికి ఫోనూ లేదు.

ఇంకో శుభవార్త. మనకి 974 కిలోమీటర్ల తీరం ఉందని చిన్నప్పుడు బట్టీ పట్టాం. ఈమధ్య మెలికలన్నీ కలిపి సూక్ష్మంగా మళ్లీ కొలిస్తే 1,053 అని తేలింది. కాగితం మీద తీరం దాదాపు ఎనభై కిలోమీటర్లు పెరిగింది. అందులో ఉప్పాడకి ఒక గజం రాసిచ్చినా గోడ కట్టుకుందురు.

అసలు ఉప్పాడవాళ్లు మీ గురించి ఏమనుకుంటున్నారో ఎవరైనా అడిగారా? "మా తాతల ఇల్లు అదుగో, ఆ కెరటం విరిగే చోట" అని చూపించేవాళ్లు పేటపేటకీ ఉన్నారు. పోయిన స్థలానికి పట్టా పెట్టెలో భద్రంగా ఉంటుంది. స్థలమే ఉండదు. కొత్త స్థలం అడిగితే పాత స్థలం సర్వే నంబరు అడుగుతారు. ఊరు మారమని సలహా ఇచ్చేవాళ్లకి ఒక్క మాట చెప్పాలి. వేటకెళ్లేవాడికి బోటు కంటి ముందు ఉండాలండి. మూడు కిలోమీటర్ల అవతల కాలనీలో పడుకుంటే, రాత్రి గాలి మారినప్పుడు బోటు ఎవరు లాగుతారు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టుకోవాలని వేట ఆపేస్తారు. మిగతా రోజుల్లో తుఫాను హెచ్చరికలకి ఆగిపోతారు. ఆ మిగిలిన రోజుల్లో వెళ్తే చేప లేదు. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు సముద్రంలో కలిసి చేప పోతోందని 2025 సెప్టెంబరులో మత్స్యకారులు ధర్నాకి దిగారు. ఎక్కడ? రోడ్డు మీదే. ఉప ముఖ్యమంత్రి గారి సొంత నియోజకవర్గం అయినా సరే, సముద్రం గొడవ ఆఫీసులకి వినపడాలంటే రోడ్డెక్కాల్సిందే. ఈ విషయంలో మీ జాతి చేసిన మేలు మర్చిపోలేం. మీరూ పూర్తిగా పోతే రేపు బైఠాయించడానికి చోటెక్కడ?

చీర కోసం వచ్చేవాళ్లున్నారు. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చి, మీ మీద ఆగి బజ్జీలు తిని, "సముద్రం ఎంత దగ్గరగా ఉందో!" అని మురిసిపోయి, అట్నుంచి నేతగాళ్ల ఇంటికెళ్లి రెండు వేలు తగ్గించమని బేరమాడతారు. వానలకి మగ్గం గుంటలో నీరూరి నేత ఆగిపోయిన రోజులు ఆ బేరంలోకి రావు.

నాకు మీలో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. తుఫాను వెళ్లిన మర్నాడు ఉప్పాడ ఒడ్డున ఆడా మగా, పిల్లాజెల్లా ఇసుకలో బంగారం వెతుకుతారు. నివర్ అప్పుడు దేశమంతా ఈ వార్త చూసి నవ్వుకుంది. నవ్వడానికేముంది? సముద్రంలో కలిసిన పాత ఇళ్లలోవి, గుళ్లలోవి అని చెప్పుకునే నలుసులు కొందరికి దొరికాయి కూడా. ఫారం నింపక్కర్లేదు, రేషన్ కార్డు జిరాక్సు అక్కర్లేదు, వంగి ఏరుకోవడమే. నష్టపరిహారం మర్నాడే చేతికందే ఏకైక కౌంటరు అది. తీసుకున్నదాంట్లోంచి ఎంతో కొంత తిరిగిచ్చే అలవాటు సముద్రానికే ఉంది మరి.

ఇంతా రాసి మిమ్మల్ని తిట్టానని అనుకోకండి. తప్పు మీది కాదు. మిమ్మల్ని అంచు మీద నిలబెట్టి, కాలు జారినప్పుడల్లా కొత్త చెప్పులు కొనిపెడుతున్నారు. నన్నడిగితే మీరు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఊరి వెనకాలకి వెళ్లిపోవడం మంచిది. ఆ రాళ్ల డబ్బుతో ఒడ్డున ఏటా ఇసుక పోయించి, ఇళ్లు పోయినవాళ్లకి సముద్రం పక్కనే కాస్త మెరక మీద స్థలాలివ్వచ్చు. కానీ మీరు వెళ్లిపోతే మరమ్మతు ఉండదు, మరమ్మతు లేకపోతే టెండరు ఉండదు, టెండరు లేకపోతే... మీకెందుకులెండి, పెద్దల వ్యవహారం. రిటైర్మెంటు కాగితం పెట్టినా ఎక్స్‌టెన్షన్ ఇచ్చేస్తారు.

ప్రస్తుతానికి నాకు అర్జంటుగా ఒక సంగతి తెలియాలి. నవంబరులో మా పిన్నిగారి అమ్మాయి పెళ్లి, కోనపాపపేటలో. కాకినాడ నుంచి పెళ్లి వ్యాను మీ మీదుగా రమ్మనాలా, పిఠాపురం చుట్టూ తిరిగి రమ్మనాలా? పిఠాపురం మీదుగా అయితే డీజిలుకి అదనంగా అడుగుతానని డ్రైవరు ఇప్పుడే అంటున్నాడు. మీరుంటానంటే సగం అడ్వాన్సు ఇచ్చేస్తాను. ఉంటారో ఊడతారో తొందరగా కబురు పెట్టండి, వ్యాన్లు దొరకడంలేదు.

ఇట్లు,
మీ మీద ప్రయాణించే,
కాకినాడవాసి