హెచ్చరిక అందాక ఏం చేయాలో ముందే తేలాలి

2024 అక్టోబర్ 29న ఉదయం ఎనిమిది గంటలలోపే స్పెయిన్ వాతావరణ సంస్థ వాలెన్సియా ప్రాంతానికి రెడ్ అలర్ట్ జారీ చేసింది. ప్రజల సెల్‌ఫోన్లకు అత్యవసర సందేశం వచ్చింది మాత్రం రాత్రి 8 గంటల 11 నిమిషాలకు. అప్పటికే అనేక పట్టణాల్లో వీధులు వాగులయ్యాయి. స్పెయిన్‌లో ఆ వరద 220 మందికి పైగా ప్రాణాలు తీసింది. అంతకు మూడేళ్ల ముందు, 2021 జులైలో, జర్మనీలోని ఆర్ నది లోయలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. ఆర్ నది వెళ్లి కలిసే రైన్ నది పరివాహక ప్రాంతానికి భారీ వరద ముప్పు ఉందని ఐరోపా వరద హెచ్చరిక వ్యవస్థ కొన్ని రోజుల ముందు నుంచే జాతీయ సంస్థలకు చెబుతూ వచ్చినా, ఆ ఒక్క లోయలోనే 130 మందికి పైగా చనిపోయారు. రెండూ సంపన్న దేశాలే. ఉపగ్రహాలకూ రాడార్లకూ అక్కడ కొరత లేదు. వాన పడుతుందని ముందే తెలిసింది. తెలిసిన ఆ విషయం గడప దగ్గరికి చేరి, మనిషిని కదిలించేలోపే నీళ్లు వచ్చేశాయి.

వరద సన్నద్ధత పేరిట ఖర్చయ్యే సొమ్ములో అధిక భాగం అంచనాలను మెరుగుపరచడానికో, గట్లు కట్టడానికో పోతుంది. హెచ్చరికకూ కదలికకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చే పని మాత్రం ఎవరి పద్దులోనూ సరిగ్గా కనిపించదు. 2027 చివరికల్లా భూమ్మీద ప్రతి ఒక్కరికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి 2022లో లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. కానీ సందేశం ఎందరికి చేరిందన్న లెక్క దగ్గరే ఆగిపోతే, ఎందరు సకాలంలో ఇల్లు దాటారన్న అసలు లెక్క తప్పిపోతుంది.

నదిలో ప్రవాహం ఇన్ని లక్షల క్యూసెక్కులకు చేరుతుందన్న ప్రకటన ఇంజినీరుకు అర్థమవుతుంది. నది ఒడ్డున ఉన్న కుటుంబానికి కావలసింది వేరు: నీరు మా వీధిలోకి వస్తుందా, ఏ వేళకు వస్తుంది, ఏ దారి ముందు మునుగుతుంది? వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్ల కాళ్లు నిలవవు, 30 సెంటీమీటర్లుంటే చాలా కార్లు కొట్టుకుపోతాయి. ఈ సంగతి తెలియక, చీలమండ లోతే కదా అనుకుని దిగి ప్రాణాలు పోగొట్టుకునేవారు ఎక్కడైనా ఉంటారు. అందుకే నదిలో నీటి ఎత్తును కొలిచే గేజి దగ్గర నీటిమట్టం ఫలానా గీత తాకితే ఫలానా వీధులు మునుగుతాయని స్థానికుల సాయంతో ముందే పటం గీసి పెట్టుకోవాలి. అది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

ఇక నిర్ణయం ఎవరిది? ఖాళీ చేయించాక వరద రాకపోతే నవ్వులపాలవుతామన్న భయం ప్రతి అధికారికీ ఉంటుంది. చేయించకపోతే ఏమవుతుందో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆ క్షణంలో ఒక మనిషి ధైర్యం మీద వందల ప్రాణాలు ఆధారపడే ఏర్పాటు అసలు ఏర్పాటే కాదు. అంచనా ఏ స్థాయి దాటితే ఎవరు ఆదేశం ఇవ్వాలి, వాహనాలు ఎవరివి, డబ్బు ఏ ఖాతాది అన్నవి వర్షాకాలానికి ముందే కాగితం మీద తేలిపోతే, నాలుగుసార్లు కదిలించి ఒక్కసారే వరద వచ్చినా ఎవరినీ తప్పుపట్టే పని ఉండదు.

ఈ విషయంలో ఐరోపా కన్నా బంగ్లాదేశ్ నుంచి నేర్చుకోవలసిందే ఎక్కువని నా అభిప్రాయం. 1970 తుపానులో అక్కడ కనీసం 3 లక్షల మంది చనిపోయారు. తర్వాత రెడ్‌క్రాస్‌తో కలిసి మొదలైన తుపాను సన్నద్ధతా కార్యక్రమంలో నేడు 70 వేల మందికి పైగా వాలంటీర్లున్నారు. వారిలో దాదాపు సగం మంది మహిళలు. ప్రమాద స్థాయిని బట్టి జెండాలు ఎగరేస్తారు, మెగాఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. చెప్పేది తెలిసిన మనిషి కావడం వల్లే జనం కదులుతారు. 1991 తుపానులో మళ్లీ లక్షకు పైగా ప్రాణాలు పోయాయి, మృతుల్లో స్త్రీలే ఎక్కువ. ఆశ్రయాల సంఖ్య పెంచడంతో పాటు, స్త్రీలు అక్కడ తలదాచుకోగలిగే వసతి ఉందా అన్న ప్రశ్న కూడా ఆ తర్వాతే బలంగా ముందుకొచ్చింది. 2020లో ఉంపన్ తుపాను నాటికి బంగ్లాదేశ్‌లో మరణాలు కొన్ని పదులకు తగ్గాయి. అదే ఏడాది జులైలో జమునా నదికి (బంగ్లాదేశ్‌లో బ్రహ్మపుత్రకున్న పేరు) వరద ముప్పుందని అంచనా రాగానే, నీరు గరిష్ఠ స్థాయికి చేరకముందే ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి నుంచి 52 లక్షల డాలర్లు విడుదలయ్యాయి. మునిగాక ఇచ్చే పరిహారంతో పశువులను ఎగువకు తోలుకుపోవడం కుదరదు; ముందు అందిన కొద్దిపాటి నగదుతో కుదురుతుంది.

వాతావరణ మార్పు ఈ సమస్యను మరింత జటిలం చేస్తోంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు కనుక, కొద్ది గంటల్లో కుమ్మరించే వానల తీవ్రత పెరుగుతోంది. గట్ల ఎత్తు, వంతెనల వెడల్పు, మురుగు కాల్వల సామర్థ్యం అన్నీ గడచిన దశాబ్దాల రికార్డుల మీద లెక్కగట్టినవే. నూరేళ్లకోసారి వచ్చే వరద అంటే జనం ఇక మన జీవితకాలంలో రాదులే అనుకుంటారు. నిజానికి అది ఏటా ఒక శాతం అవకాశం. ముప్పై ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. అది కూడా వాతావరణం మారకుండా ఉంటేనే. ఆర్ లోయలో ఇంకో పొరపాటు కూడా జరిగింది. అక్కడ 1804లో, 1910లో విధ్వంసకర వరదలు వచ్చాయి. ముంపు పటాలు మాత్రం ప్రధానంగా 1947 నుంచి నమోదైన కొలతల మీదే ఆధారపడ్డాయి. పాత చర్చి రికార్డులకూ గోడల మీది నీటి గుర్తులకూ గణాంకాల్లో చోటు దక్కలేదు. గతం పూర్తిగా దారి చూపలేని కాలంలో, ఉన్న గతాన్ని కూడా సగమే చూడటం ఖరీదైన నిర్లక్ష్యం.

గట్లు వద్దని ఎవరూ అనరు. కానీ గట్టు కట్టగానే దాని నీడలో ఇళ్లు లేస్తాయని, చిన్న వరదలు ఆగినా పెద్ద వరద వచ్చినప్పుడు నష్టం ఇంకా పెరుగుతుందని అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ గత శతాబ్ది మధ్యలోనే ఎత్తిచూపారు. నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగి సుమారు రెండున్నర లక్షల మందిని తరలించాల్సి వచ్చాక, అక్కడి ప్రభుత్వం గట్లను ఇంకా ఇంకా ఎత్తు చేయడాన్నే నమ్ముకోకుండా, ముప్పైకి పైగా చోట్ల నది పొంగినప్పుడు పరుచుకునేందుకు చోటు వదిలింది. ఓవర్‌డీప్సే అనే లోతట్టు ప్రాంతాన్ని అవసరమైనప్పుడు ముంచుతామన్నప్పుడు, అక్కడి రైతులే ఎత్తైన మట్టిదిబ్బల మీద కొత్త ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టుకుంటామని ప్రతిపాదన తెచ్చారు. చర్చలకూ నిర్మాణానికీ కలిపి పదేళ్లకు పైగా పట్టింది, పరిహారమూ దక్కింది. అయినా దాదాపు సగం కుటుంబాలు ఊరు విడిచి వెళ్లాయి. పదేపదే ఉదాహరణగా చూపే చోటే ఇంత మూల్యం ఉందంటే, సొంత పేరున పట్టా లేనివారినీ అద్దె ఇళ్లవారినీ ఏ చర్చా లేకుండా నది ఒడ్డు నుంచి ఎత్తివేసి, దానికి వాతావరణ మార్పుకు అనుసరణ (మారిన పరిస్థితికి తగ్గట్టు సర్దుకోవడం) అని పేరు పెట్టడాన్ని ఒప్పుకోలేం.

కదలగలిగినవారిని దృష్టిలో పెట్టుకుని రాసే ప్రణాళికలో కదలలేనివారు మిగిలిపోతారు. ఆర్ నది రైన్‌లో కలిసే చోటున్న జింజిగ్ పట్టణంలో, వికలాంగుల వసతి గృహంలోని 12 మంది 2021 వరద రాత్రి నీళ్లు చేరి చనిపోయారు. అలాంటి వారి జాబితా, వారి పడకలు ఏ అంతస్తులో ఉన్నాయన్న వివరం, రాత్రిపూట సాయానికి ఎవరు రావాలన్న పేర్లు ప్రతి ముంపు ప్రాంతంలోనూ రాసిపెట్టి ఉండాలి. ఆ పేర్లలో ఉన్నవారు కనీసం ఏడాదికొకసారి అర్ధరాత్రి వేళ లేచి, ఆ పని ఒక్కసారైనా చేసి చూడాలి.