ఫైనల్ బొమ్మ ఒక్కటే పెట్టకండి, స్కెచ్‌బుక్ కూడా తెరవండి

విశాఖలో బొమ్మలు వేసేవాళ్లు ఇంతమంది ఉండటం నా ఎరుకలో ఎప్పుడూ లేదు. గాజువాక నుంచి భీమిలి దాకా ఏ పేట చూసినా ఒక ట్యాబ్, ఒక పెన్సిల్ పట్టుకున్న పిల్లలు కనిపిస్తున్నారు. పుస్తకాలకు బొమ్మలు వేసి బతుకుతున్న మనిషిగా నాకు ఇంతకన్నా సంతోషం లేదు. ఆ సంతోషంతోనే ఒక గొడవ పెట్టుకోవడానికి వచ్చాను.

సోషల్ మీడియాలో మీరు పెట్టేవన్నీ పూర్తయిన బొమ్మలే. గీత ఎక్కడా తప్పదు, రంగు ఎక్కడా దాటదు. దాని ముందు చించేసిన కాగితాలు ఏమయ్యాయి? చెరిపి చెరిపి నల్లబడిన పేజీ ఏది? "ఇన్‌స్పిరేషన్: మన వైజాగ్" అని రాసి పక్కన ఒక లవ్ సింబల్ పెడతారు. వైజాగ్‌లో ఎక్కడ? ఏ సందులో, ఏ పూట, ఏం చూస్తే చెయ్యి ఆగలేదు? ఆ ముక్క రాయరు. బొమ్మ నేర్చుకునేవాడికి కావలసింది సరిగ్గా ఆ ముక్కే.

ఇలా దాచుకోవడం వల్ల ఏం జరుగుతోందో చూడండి. వైజాగ్ బొమ్మ అంటే కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి శివపార్వతులు, డాల్ఫిన్స్ నోస్ కొండ, బీచ్‌లో సూర్యోదయం. అందరివీ అవే, అందరూ ఒకే కోణంలో. ఎందుకంటే చాలామంది చూసి వేస్తున్నది ఫొటోని, చోటుని కాదు. కురుసుర 2002 నుంచి బీచ్ రోడ్డులోనే ఉంది. సుమారు 91 మీటర్ల పొడుగున్న దాన్ని రోడ్డు వైపు నుంచి వేసినవాళ్లే అంతా. టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి ఆ పైపులు, వాల్వులు, మనిషి ఒత్తిగిలి పడుకోవడానికి కూడా చాలీచాలని ఆ పడకలు గీసిన పేజీ ఒక్కటి చూపించండి, నేను నోరు మూసుకుంటాను.

ఫిషింగ్ హార్బర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం కాబట్టి చేపల్ని వదిలేస్తారు. మత్స్యకారులకు అది గడ్డుకాలం, అందుకే ప్రభుత్వం భృతి ఇస్తుంది. స్కెచ్ వేసేవాడికి మాత్రం బోటును నింపాదిగా చూసే వీలు అప్పుడే దొరుకుతుంది. మిగతా ఏడాదంతా బోటు ఒక్కచోట నిలవదు. ముందు భాగం గీసి తల ఎత్తేలోపు తాడు విప్పేస్తారు. నిషేధం రోజుల్లో జెట్టీ పొడుగునా పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. రిపేరు కోసం ఒడ్డుకు లాగిన వాటికైతే నీళ్లలో ఉన్నప్పుడు ఎవరికీ కనిపించని అడుగు భాగం మొత్తం కనిపిస్తుంది. పొట్ట దగ్గర ఎంత లావెక్కి, వెనక్కి వెళ్లేసరికి ఎలా సన్నబడుతుందో అప్పుడే అర్థమవుతుంది. పాత రంగు గీకేవాళ్లు, వలలు పరిచి కుట్టుకునేవాళ్లు అందరూ ఒక్కచోటే కూర్చుని పనిచేసుకుంటుంటారు. ఇంతకన్నా మంచి మోడల్స్ ఏ క్లాసులో దొరుకుతారు?

ఇంకొకటి. అక్కడ కూర్చుని గీస్తుంటే వెనక ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. "ముందు కొస ఇంకా లేవాలి బాబూ, ఇలాగుంటే కెరటం లోపలికొచ్చేస్తాది" అంటారు. ఆ మాటతో గీత సరిదిద్దుకున్న పేజీ నాకు ఏ ఫైనల్ బొమ్మకన్నా విలువైనది. తప్పు గీత, దాని మీద సరైన గీత, రెండూ కనిపిస్తుంటాయి. అలాంటి పేజీని స్కాన్ చేసి, సరిదిద్దింది ఎవరో కూడా రాసి పెట్టండి.

రంగుల దగ్గరా ఇదే బాధ. మన పిల్లలు వాటర్ కలర్ నేర్చుకునేది ఎక్కువగా చలిదేశాలవాళ్ల వీడియోలు చూసి. మన గాలిలో తేమ వేరు. బీచ్ దగ్గర కూర్చుని ఒక వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన పల్చటి రంగు పొర, వేస్తే అది ఎంతకీ ఆరదు. ఆగలేక రెండో పొర వేశామా, కింది రంగు లేచి బురద అయిపోతుంది. పల్చటి కాగితమైతే ఉబ్బి అలలు తిరుగుతుంది. అందుకే బయట వేసేటప్పుడు 300 జీఎస్ఎం మందపు కాగితం పట్టుకెళ్లడం, ముందు వాటర్‌ప్రూఫ్ ఇంకుతో గీత పూర్తి చేసుకుని ఒక్క పొర రంగుతో ఆపేయడం మేలు. ఇలాంటివి ఇక్కడ వేసేవాళ్లకే తెలుస్తాయి, ఇక్కడివాళ్లే చెప్పాలి. ఎర్రమట్టి దిబ్బలు వేసి పెట్టినవాళ్లని అడుగుతున్నాను: వాన పడ్డాక ఆ ఎరుపు ముదురుతుందే, దాన్ని ఏం కలిపి పట్టారు? బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు ఒక్కదానితో రాదు కదా. పక్కన రంగులు పరీక్షించిన చిన్న ముక్క కాగితం ఉండే ఉంటుంది. అదీ పెట్టండి.

చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు మన ఉత్తరాంధ్ర మనిషి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, చివరి రోజుల్లో కశింకోటలో ఉన్నారు. చందమామ అట్టల మీద మూలన "వ.పా." అన్న సంతకం కోసం వెతుక్కున్న తరం మాది. ఆ పచ్చలు, ఆ పసుపులు ఆయన ఎలా సాధించారో తెలుసుకోవాలని ఎంత తపించామో! మా చేతికి అందినవి అచ్చు బొమ్మలే. పెన్సిల్ గీత ఎక్కడ మొదలైందో చూసే వీలు మాకు లేకపోయింది. మీ చేతిలో ఫోన్ ఉంది, అందులో కెమెరా ఉంది. మీ తర్వాతివాళ్లకు ఆ కరువు ఎందుకు?

రఫ్ పేజీలు పెట్టడానికి ఇంకో గట్టి కారణం కూడా ఉంది. 2025 మార్చిలో గిబ్లీ బొమ్మల పిచ్చి పట్టి ఊరంతా పెళ్లి ఫొటోల్ని ఏఐతో జపాన్ గిబ్లీ స్టూడియో కార్టూన్ల తీరులోకి మార్చుకున్నప్పటి నుంచి, చేత్తో వేసిన బొమ్మ కింద కూడా "ఏఐతో చేశారా?" అని అడుగుతున్నారు. రాత్రంతా మేలుకుని వేసినవాళ్లకు ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. నాకు తెలిసిన ఒకమ్మాయి పూర్ణా మార్కెట్ బొమ్మ వేస్తే, ఎవరో కింద సంతకం కత్తిరించి పండగ శుభాకాంక్షలకు వాడేసుకున్నారు. అడిగితే "నీదేనని రుజువేంటి?" అన్నారు. ఆ అమ్మాయి దగ్గర తేదీ వేసిన పెన్సిల్ పేజీలు ఉన్నాయి కాబట్టి బతికిపోయింది. గుర్తుపెట్టుకోండి, కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, బొమ్మ వేయగానే హక్కు పుడుతుంది. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసుకున్నాక కూడా "ఈ బొమ్మ వేసింది నేను" అని చెప్పుకునే హక్కు మీకే ఉంటుంది. చట్టం ఉంటే చాలదు, చూపించడానికి కాగితం కావాలి.

"రఫ్ పెడితే లైకులు రావు అన్నా" అంటారు. నిజమే, రావు. దానికి సగం తప్పు చూసేవాళ్లది. అయ్యా, అమ్మా, మీరు ఫైనల్ బొమ్మ కింద "సూపర్" అని, మరుసటి రోజు "మా పాప బొమ్మ ఒకటి వేసిపెట్టవా, చిన్నదే కదా" అని మెసేజ్ పెట్టడం మానండి. చిన్న బొమ్మకైనా డబ్బులివ్వండి. రఫ్ స్కెచ్ కనబడితే ఆగి, ఈ చెయ్యి ఇలా ఎందుకు మార్చావని ఒక్క ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి మా వాళ్లు అర్ధరాత్రయినా కూర్చుంటారు.

బొమ్మలు వేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ వారం ఒక పేజీ పెట్టండి. చోటు, తేదీ, వాడిన ఇంకు, కాగితం రాయండి. మీకు నచ్చని పేజీ అయితే మరీ మంచిది. నన్ను ట్యాగ్ చేయండి, ప్రతి ఒక్కటీ చూస్తాను, తోచింది చెప్తాను.