మూడో రంధ్రం

(వరంగల్ మట్టెవాడలో ఒక పాత పెంకుటిల్లు. రాజమౌళి స్టూలు మీద నిలబడి, అంచులు కాలి నల్లబడిన బేకలైట్ సాకెట్‌ను గోడ నుంచి పీకుతున్నాడు.)

సరోజన: ఏమండీ, మెయిన్ ఆపారా?

రాజమౌళి: ఆపితే ఫ్యాన్ ఆగుతుంది, ఉక్కపోస్తుంది.

సరోజన: ముందు దిగండి. (మెయిన్ ఆపి వస్తుంది.) ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నదని చెప్తే, మీరు చేస్తున్న వైద్యం ఇదా?

రాజమౌళి: మా నాయన పెట్టించిన రెండు పిన్నుల సాకెట్లు తీసి, చౌరస్తాలో బేరమాడి తెచ్చిన మూడు పిన్నులవి బిగిస్తున్నాను.

సరోజన: మూడో రంధ్రానికి ఎర్తు తీగ ఎక్కడి నుంచి వచ్చింది?

రాజమౌళి: న్యూట్రల్ స్క్రూ నుంచి బెత్తెడు ముక్క తీసి కలిపాను. న్యూట్రలైనా ఎర్తైనా చివరికి రెండూ భూమిలోకే పోతాయి కదా.

సరోజన: భౌతికశాస్త్రం పంతులమ్మతో ఇన్నేళ్లు కాపురం చేసి నేర్చుకున్నది ఇదేనా? న్యూట్రల్‌లో కరెంటు రోజూ తిరిగిపోతూ ఉంటుంది, ఎర్తు తీగ మాత్రం లోపం వచ్చిన రోజు కోసం ఖాళీగా కాచుకొని ఉంటుంది. రేపు ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే, మోటారులోంచి వచ్చిన 230 వోల్టులు మీ బెత్తెడు ముక్క మీదుగా నేరుగా ఫ్రిజ్ ఒంటికి ఎక్కుతాయి.

రాజమౌళి: అమెరికాలో ఎర్తు లేకున్నా మూడు రంధ్రాల సాకెట్ పెట్టుకోవచ్చని అల్లుడు చెప్పాడు.

సరోజన: అల్లుడు చెప్పినదాంట్లో మీకు పనికొచ్చే సగమే విన్నారు. లీకేజీని పసిగట్టి కరెంటును ఆపే జీఎఫ్‌సీఐ ఉంటేనే అక్కడ ఒప్పుకుంటారు, పైగా ‘ఎర్తు లేదు’ అని సాకెట్ మీద చీటీ అంటించాలి.

రాజమౌళి: చీటీ నేను రాస్తాను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుంది.

సరోజన: దాని కిందనే ‘బుద్ధి కూడా లేదు’ అని రాయండి. ఈ ప్లగ్గు చూడండి, ఎర్తు పిన్ను మిగిలిన రెండింటి కన్నా పొడవుగా, లావుగా ఉన్నది ఎందుకు? అందరి కన్నా ముందు తగిలి, అందరి కన్నా చివర విడిపోవడానికి.

రాజమౌళి: (నెమ్మదిగా) మిక్సీ ప్లగ్గుకు అది అడ్డం వస్తున్నదని నిన్ననే రంపంతో కోసేశాను.

సరోజన: దేవుడా! రేపే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ రావాలి. ప్రతి సాకెట్ నుంచి బోర్డుకు, బోర్డు నుంచి పెరట్లో ఎర్తు గుంతకు పచ్చ తీగ లాగాలి. ఎర్తింగ్ కోసమే ఐఎస్ 3043 అనే ప్రమాణం ఉన్నది, పని దాని ప్రకారమే జరగాలి. బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాలి. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ అంత తేడా వస్తే అది రెప్పపాటులో పడిపోయి కరెంటును ఆపేస్తుంది.

రాజమౌళి: గుంతలో ఏం వేస్తారు?

సరోజన: పైపు దించి, చుట్టూ ఉప్పు, బొగ్గు నింపుతారు.

రాజమౌళి: ఇంటికి దిష్టి తీయిస్తున్నావా?

సరోజన: ఇంటికి కాదు, మీకు. తేమ ఆరకుండా ఎండాకాలమంతా అందులో నీళ్లు పోసే పని కూడా మీదే.

రాజమౌళి: ఇంతకూ గుంత ఎక్కడ తవ్విస్తావు?

సరోజన: జామచెట్టు కింద, మీ నులక మంచం వేసే చోట.