ఆ పోస్టర్ మీద ఆ పిల్ల పేరేది?

రేపటికి కోపం చల్లారిపోతుంది, చల్లారాక రాస్తే పెద్దమనిషి తరహాలో నాలుగు మెత్తటి మాటలు వస్తాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

నాకు బాగా తెలిసిన ఒక జేఆర్‌ఎఫ్ పిల్ల, అంటే ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, ఇందాక వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపింది. ఒక కాన్ఫరెన్సులో పోస్టర్‌కి సెలెక్టయిన అబ్‌స్ట్రాక్ట్, అంటే పరిశోధన సారాంశం, అది. హైదరాబాద్ బస్తీల్లో ఆడవాళ్లకి నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, దానివల్ల వచ్చే రక్తహీనత, ఇదీ టాపిక్. ప్రశ్నావళి రాయడం దగ్గర్నుంచి ఆఖరి టేబుల్ దాకా పని మొత్తం ఆ పిల్లే చేసింది. పైన ఐదు పేర్లున్నాయి. మొదటిది పీహెచ్‌డీ చేయిస్తున్న గైడ్ గారిది, రెండోది డిపార్ట్‌మెంట్ హెడ్ గారిది, మూడోది ప్రమోషన్‌కి పేపర్లు తక్కువపడ్డ ఇంకో డిపార్ట్‌మెంట్ సారుది. మిగతా ఇద్దరూ ఎవరో దానికే తెలియదు. అడుగున ఆశా వర్కర్లకి థాంక్స్ చెప్పిన లైన్లో 'ఫీల్డ్ సపోర్ట్' అని రాసి దీని పేరు వేశారు. ఇంటిపేరు కూడా తప్పు.

గైడ్ గారి దగ్గరికి వెళ్లి అడిగిందట. "నీకింకా బోలెడు టైముందమ్మా, ఇది డిపార్ట్‌మెంట్ పని. అయినా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారటగా?" అన్నారట.

అక్కడే నాకు ఒళ్లు మండిపోయింది. పేపర్లో నా పేరేది సార్ అని అడిగిన పిల్లకి పెళ్లి గురించా జవాబు?

ఆ ఫీల్డ్ సపోర్ట్ ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను, తనతో పాటు వెళ్లాను కాబట్టి చెప్తున్నా. ఒక్కటే గది. అడగాల్సింది కోడల్ని, పక్కనే అత్త కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. రోజుకి ఎన్నిసార్లు బట్ట మార్చుకుంటావు, గడ్డలు పడతాయా అంటే అత్త ముందు ఏ కోడలు నోరు విప్పుతుంది? ఈ పిల్ల ట్యాబ్ మూసి బ్యాగులో పెట్టేసింది. నాలుగు చిక్కుడుకాయలు తనూ తీసుకుని తుంచుతూ, అత్త మోకాళ్ల నొప్పుల గురించి అడగడం మొదలుపెట్టింది. వీధిలో నల్లా వచ్చిందని కేక వినపడేదాకా అదే కబుర్లు. అత్త బిందె పట్టుకుని బయటికి వెళ్లగానే కోడలు గొంతు తగ్గించి, "ఏం జెప్పాలె మేడం, పాత చీర నాలుగు మడతలేసి కింద పర్సుకొని పండుకుంట. పొద్దుగాల లేస్తే కండ్లు తిరుగుతయ్" అంది. నల్లా ఉన్నంతసేపే టైము. ఆ కాసేపట్లో అడగాల్సినవన్నీ అడిగింది, వేలికి సూది గుచ్చి, హిమోగ్లోబిన్ కొలిచే హిమోక్యూ మిషన్‌లో చూస్తే 7.8. ఉండాల్సింది 12. ఎనిమిది కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత కిందే లెక్క. ఫారంలో నంబరేసుకుని వచ్చేయొచ్చు, స్టడీకి అంతవరకే కావాలి. మర్నాడు తనే వెళ్లి ఆవిణ్ణి బస్తీ దవాఖానాకి తీసుకెళ్లింది.

ఆ సందు ఎక్కడుందో గైడ్ గారికి తెలియదు. పేరు మాత్రం మొదట ఆయనదే.

మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఐసీఎంజేఈ నియమాలు మనందరికీ కంఠతా వచ్చు. పరిశోధనలో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్నలొస్తే జవాబుదారీ పడాలి. నాలుగూ ఉంటేనే రచయిత. ఫండ్స్ తేవడం, పైనుంచి అజమాయిషీ చేయడం, ఆ రెండే అయితే సరిపోవు. అంతే కాదు, మొదటిది నెరవేర్చిన మనిషికి మిగతావాటిలో పాల్గొనే అవకాశం ఇచ్చి తీరాలని కూడా అందులోనే ఉంది. ఎథిక్స్ క్లాసులో ఇవి స్లయిడ్ వేసి చెప్పేదీ ఈ పెద్దమనుషులే.

తెలుగువాళ్లమై ఉండి మనం ఈ పని చేయడం నాకు అస్సలు మింగుడుపడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చిన్నప్పుడు వక్తృత్వ పోటీల్లో చెప్పని స్కూలుందా? హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పరీక్ష కనిపెట్టారు, 1925లో పేపరొచ్చింది. అంత చేసినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు, చేసిన పనికి తగ్గ పేరూ దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందాల నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఇవాళ గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిస్తే, త్వరగా పట్టుకోగలిగితే, చాలామందికి కోత లేకుండా గట్టెక్కించేది ఆ మెథోట్రెక్సేట్ ఇంజెక్షనే. మా పిల్ల ఇంటింటికీ తిరిగి 'ఎన్ని వేసుకున్నారు, ఎన్ని మిగిలాయి' అని షీట్లు విప్పి లెక్కపెట్టిన ఐరన్ మాత్రల్లో ఉన్నదీ ఆ ఫోలిక్ యాసిడే. ఆయనకి అన్యాయం చేశారని ఇన్ని దశాబ్దాలుగా బాధపడుతున్నాం కదా, మన డిపార్ట్‌మెంట్లలో మనం చేస్తున్నదేంటి?

పనిచేసిన ఆడపిల్ల పేరు నిలబెట్టడం ఈ ఊళ్లో చేతకాని పనేం కాదు. 1885లోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో ఆడపిల్లలు చేరారు. ఆ బ్యాచ్‌లోని రూపా బాయి ఫర్దూన్‌జీ, ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ దగ్గర ఆపరేషన్‌కి మత్తిచ్చే క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకుని, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా పేరు తెచ్చుకుంది. లారీ అంటే క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి వేసిన కమిషన్ల మనిషి, ఆ రోజుల్లో పెద్ద పేరు. అంతటి మనిషి పక్కన పనిచేసినా ఆమె పేరు మనదాకా వచ్చింది. నూట నలభై ఏళ్ల తర్వాత మా పిల్ల పేరు అడుగు లైన్లో, అదీ తప్పుగా.

ఇంకొకటి ఉంది, ఇది నాకు ఎప్పట్నుంచో ఉన్న మంట. స్త్రీల ఆరోగ్యం మీద పనిచేస్తానని ఏ పిల్ల వచ్చినా మొదట వినే సలహా ఒక్కటే: "ప్రెగ్నెన్సీ మీద పెట్టుకోమ్మా, ఫండ్స్ వస్తాయి." నాకూ అదే చెప్పారు. కడుపుతో ఉన్నంతకాలమే ఆడది ప్రాజెక్టుకి పనికొస్తుందా? తెల్లబట్ట, నెలసరి నొప్పి, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, నెలసరి ఆగిపోయాక వచ్చే బాధలు, వీటి మాటెత్తితే కమిటీలో పెద్దలు ఫోన్లు చూసుకుంటారు.

మా పెద్దమ్మ కూతురికి తెల్లబట్ట అవుతుంటే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి 31 ఏళ్లకే గర్భసంచి తీసేశారు, అండాశయాలతో సహా. ఇవాళ అక్కకి నిండా యాభై లేవు, మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటుంది. మా ఊళ్లో ఇలాంటి అక్కలు వీధికొకరున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ గురించి విడిగా అడగడం మొదలైందే 2015-16లో. అడిగితే ఏం తేలింది? దేశం మొత్తమ్మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి ఈ ఆపరేషన్ అయితే, ఆంధ్రలో దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి అయింది. పైనున్న రెండు రాష్ట్రాలూ మనవే. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలకి ఆదేశాలివ్వాల్సి వచ్చింది. మన దగ్గర ఇంత జరుగుతుంటే, అధిక రక్తస్రావం మీద పనిచేస్తానని ఒక పిల్ల తనంతట తను వచ్చింది. అక్కకి జరిగింది ఇంకొకరికి జరక్కుండా ఆపగలిగే పని అది. ఆ పిల్లని మనం చూసుకున్న తీరు ఇదీ!

స్టైపెండ్ కాగితం మీద 37,000. వచ్చేది నెలల తరబడి ఆలస్యంగా. హాస్టల్ అద్దె మాత్రం ఐదో తారీఖు దాటితే ఆగదు. ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకి ఫ్రీ కాబట్టి ఫీల్డ్‌కి వెళ్లగలిగింది. పీహెచ్‌డీలో ఆడపిల్లలకి 240 రోజుల మెటర్నిటీ, చైల్డ్ కేర్ సెలవుందని యూజీసీ 2016లోనే రూల్సులో పెట్టింది. చేరిన రోజున ఆ మాట చెప్పిన గైడ్‌ని నేనింతవరకూ చూడలేదు. పెళ్లెప్పుడని అడిగినవాళ్లనైతే చాలామందిని చూశాను.

ఇలాంటి పిల్లలు చివరికి ఎక్కడ తేలుతారో తెలుసు కదా. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డులకి బిల్లింగ్ కోడ్‌లు వేసే పని) కోచింగ్, తర్వాత మాదాపూర్‌లో నైట్ షిఫ్టు. ఆ ఉద్యోగాన్ని నేను తక్కువ చేయడం లేదు, దాంతో ఇళ్లు నడుస్తున్నాయి. అత్త పక్కన ఉండగా కోడలితో ఎలా మాట్లాడాలో నేర్చుకున్న మనిషి మనకి మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? అది ఏ పుస్తకంలోనూ లేదు.

సీనియర్లూ, మిమ్మల్ని ఆస్తులు రాసివ్వమనడం లేదు. డ్రాఫ్ట్ పంపితే నెల లోపల చదివి, ఎర్ర ఇంకుతో గీసి ఇవ్వండి. ఎవరి పేరు ఎక్కడ వస్తుందో పని మొదలుపెట్టే రోజునే కాగితం మీద రాసుకోండి. కమిటీలో ఎవరైనా ఆ పిల్లని పెళ్లి గురించి అడిగితే, పక్క కుర్చీలో ఉన్న మీరు నోరు తెరవండి.

ఆ కాన్ఫరెన్సు నిర్వాహకులకి ఉత్తరం ఇవాళే వెళ్తోంది, ఆ పిల్ల పేరుతో, పక్కన నా సంతకంతో. ప్రశ్నావళి మొదటి డ్రాఫ్ట్ నుంచి తారీఖులతో సహా అన్ని ఫైళ్లూ దాని దగ్గరున్నాయి.

స్త్రీల ఆరోగ్యం మీద పనిచేస్తూ ఇలా ఇరుక్కున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఇన్‌బాక్స్‌కి రండి. శాంపిల్ సైజు లెక్క, ఎథిక్స్ కమిటీ ఫారం, జర్నల్‌కి కవరింగ్ లెటర్, ఏదైనా సరే కూర్చుని చూస్తాను. ఆదివారాలు తార్నాకలోనే ఉంటాను. మీ గైడ్‌ని అడిగి రానక్కర్లేదు.