సవరణ: ఫినియాస్ గేజ్ గురించి నేను రాసినదాంట్లో తప్పు

మెదడు, ప్రవర్తనల గురించి రాసిన గత పోస్టులో, తలకు ఘోర ప్రమాదం జరిగినా బతికిన రైలుమార్గం పనివాడు ఫినియాస్ గేజ్ ఉదాహరణ ఇచ్చాను. ప్రమాదం తర్వాత అతను తాగుబోతై, ఏ పనికీ పనికిరాకుండా పోయి, అలాగే చనిపోయాడని రాశాను. అది తప్పు. సైకాలజీ మొదలుపెట్టిన విద్యార్థులు ఆ పోస్టు చదువుతున్నారు కాబట్టి సరిచేయడం నా బాధ్యత.

జరిగింది ఇది. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలుమార్గం కోసం బండలు పేల్చే పనిలో ఉండగా మందుగుండు అంటుకుంది. సుమారు ఆరు కిలోల ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింద దూరి నడినెత్తి మీదుగా బయటికి వచ్చేసింది. అయినా బతికాడు. మొరటుగా, నిలకడ లేకుండా మారాడని వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాసిన మాట నిజమే. కానీ ఆ వివరాలు అచ్చయింది 1868లో, గేజ్ పోయిన ఎనిమిదేళ్లకు. తాగుడు సంగతి అందులో లేదు.

పైగా గేజ్ చిలీ వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రపు బండి తోలాడు. గుర్రాలను అదుపు చేయాలి, వేళకు చేరాలి, ప్రయాణికులతో మెలగాలి. అది ఏ పనికీ పనికిరానివాడు చేసే పని కాదు! కాలం గడిచేకొద్దీ అతను చాలావరకు కోలుకున్నాడని కొందరు పరిశోధకులు అనడానికి ఇదే ఆధారం.

ఈ ఒక్క కేసుతో ‘వ్యక్తిత్వం ఉండేది మెదడు ముందుభాగంలోనే’ అని తేల్చేశాను కదా, ఆ వాక్యాన్నీ తీసేశాను. ప్రమాదానికి ముందు అతన్ని ఎవరూ పరీక్షించలేదు, పోల్చి చూడటానికి మరొకరూ లేరు. కేస్ స్టడీ, అంటే ఒకే వ్యక్తిని లోతుగా పరిశీలించడం, ప్రశ్నను లేపుతుంది, ఒంటరిగా దేన్నీ రుజువు చేయజాలదు.