హైదరాబాద్‌కు సొంత డెర్బీ ఒకటి కావాలి

2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. 2022లో దేశంలోని పై మెట్టు ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన క్లబ్బు అది. అలాంటి క్లబ్బు ఊరు విడిచి వెళ్లిపోతే కనీసం నాలుగు రోజులైనా గొడవ జరగాలి, కాలేజీ క్యాంటీన్లలో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని తిట్టిపోయాలి. డెక్కన్ లీజియన్ పేరుతో ఇన్నాళ్లూ గ్యాలరీలో గొంతు చించుకున్న అభిమాన బృందాన్ని పక్కన పెడితే, మన నగరంలో ఆ వార్తకు నిట్టూర్చినవారు కూడా పెద్దగా లేరు. రెండు నెలలకే, డిసెంబరు 13న, మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ వేసుకుని బంతి తన్నారు. మెస్సీని ఒక్కసారి కళ్లారా చూస్తే చాలనుకుని పిల్లలు, కుర్రకారు ఎగబడ్డారు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత కూడా "మన కుర్రాళ్లకు క్రికెట్ తప్ప ఇంకేమీ పట్టదు" అని ఎవరైనా అంటే, వారు సాయంత్రాలు ఇల్లు కదలడం లేదని అనుకోవాలి.

మణికొండ, కొండాపూర్, నల్లగండ్ల వైపు అద్దెకిచ్చే టర్ఫ్ మైదానాల దగ్గర రాత్రి తొమ్మిది దాటాక నిలబడి చూడండి. వల కట్టిన ఆ చిన్న మైదానంలో ఆడుతున్న కుర్రాళ్లలో సగం మంది ఒంటి మీద బార్సిలోనా, రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీలే కనిపిస్తాయి. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే మ్యాచ్‌ల కోసం అలారం పెట్టుకుని లేచే పిల్లలు వీళ్లు. ఫుట్‌బాల్ మీద ప్రేమకు ఇక్కడ కొరత లేదు. ఆ ప్రేమను మన ఊరి వైపు మళ్లించడానికి కావలసిన సరుకు ఎవరి దగ్గరా లేకపోయింది, అంతే. ఆ సరుకు పేరు పంతం అని, పక్కవాడి మీద పంతం లేకుండా ఏ క్లబ్బూ పదిహేనేళ్ల కుర్రాడిని కట్టిపడేయలేదని నా గట్టి అభిప్రాయం. ఆ పంతానికి వేదిక డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు జట్లు తలపడే మ్యాచ్.

హైదరాబాద్ ఎఫ్‌సీ ప్రకటనలకు తక్కువేమీ చేయలేదు. సామాజిక మాధ్యమాల్లో వీడియోలు పెట్టింది, చిహ్నంలో చార్మినార్‌ను తలపించే గుర్తులు పెట్టుకుంది, ఆటగాళ్ల చేత బిరియానీ తినిపించింది. అయితే ఆ క్లబ్బు జాతకం ఎలాంటిదో ఒక్కసారి చూడండి. 2019లో పుణె క్లబ్బు మూతబడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మొదటి సీజన్‌లో పట్టికలో అట్టడుగున మిగిలింది. ఆ వెంటనే కోవిడ్ వచ్చి తరువాతి రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే, ప్రేక్షకులు లేని గ్యాలరీల మధ్య జరిగాయి. సరిగ్గా ఆ రెండేళ్లలోనే కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో ఆ జట్టు చూడముచ్చటగా తయారైంది. 2022 మార్చి 20న మడ్గావ్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ జరిగింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, కప్పు మనదైంది. ఆ రోజు ప్రేక్షకులను అనుమతించారు, కానీ గ్యాలరీ నిండా ఉన్నది కేరళ నుంచి బస్సుల్లో, రైళ్లలో వచ్చిన జనం. హైదరాబాద్ చరిత్రలో ఇంత పెద్ద ఫుట్‌బాల్ విజయం ఎన్నో దశాబ్దాల తరువాత దక్కితే, దానిని చూసినవారిలో హైదరాబాదీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఆ తరువాత 2022-23లో జట్టు సొంత ఊరికి వచ్చి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. పిల్లలను తిప్పుకోవడానికి ఆ క్లబ్బుకు దొరికిన మంచి సీజన్ అదొక్కటే. మరుసటి ఏడాదికే జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్తవారిని తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, మిగిలిన కుర్రాళ్లతో నెట్టుకొచ్చి సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క లీగ్ మ్యాచ్ గెలిచింది. 2024లో యాజమాన్యం మారింది, 2025లో ఊరే మారింది. 2019లో ఢిల్లీ డైనమోస్ క్లబ్బును ఇలాగే భువనేశ్వర్‌కు తరలించి ఒడిశా ఎఫ్‌సీ అన్నారు. ఒక ఊరి నుంచి ఎత్తుకెళ్లిన లోటును మరో ఊరి నుంచి తెచ్చి పూడ్చే ఈ వ్యవహారంలో అభిమాని అనేవాడు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకు వదిలేసే మేకులాంటివాడు.

గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఒక మ్యాచ్‌కు మా అక్క కొడుకును తీసుకువెళ్లాను. రెండు జట్లవీ పసుపు రంగులే కావడం వల్ల గ్యాలరీలో ఎవరు ఎవరి మనుషులో రంగును బట్టి పోల్చుకోవడం కష్టం, అయితే అరుపులను బట్టి మాత్రం ఇట్టే తెలిసిపోయేది. మాధాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసే మలయాళీ కుర్రాళ్లు డ్రమ్ములు మోగిస్తూ, వరుస కలిపి పాడుతూ మా ఊళ్లోనే మమ్మల్ని అతిథులను చేసేశారు. వాడు కాసేపు వాళ్లను చూసి, నా వైపు తిరిగి, "మామా, మనకు అసలు పడని టీమ్ ఏది?" అని అడిగాడు. వీళ్లేనా అని అడుగుతున్నాడేమో అనుకున్నాను, కాదు. బార్సిలోనాకు మాడ్రిడ్ ఉంది, లివర్‌పూల్‌కు ఎవర్టన్ ఉంది, మనకెవరున్నారని వాడి ప్రశ్న. బెంగళూరు అందామా అంటే వాళ్ల కోపమంతా కేరళ మీద, చెన్నై మీద. చెన్నై అందామా అంటే వాళ్లు మనల్ని పట్టించుకోవడమే లేదు. మనల్ని చూసి పళ్లు నూరేవారు దేశంలో ఒక్కరూ లేరని వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పంతం అంటే ఏమిటో తెలుగువాడికి ఒకరు నేర్పాలా? సినిమా విడుదల రోజున థియేటర్ ముందు కటౌట్ ఎవరిది ఒక అడుగు పొడవుందో కొలుచుకుని, మొదటి రోజు వసూళ్ల లెక్కల మీద తెల్లవార్లూ వాదించుకుని, అవతలి హీరో సినిమా ఆడకపోతే తన సినిమా ఆడినంతగా సంబరపడే జాతి మనది. ఆ కుర్రాళ్లను సినిమా వైపు కట్టిపడేసే దానిలో సగం పాలు హీరో మీద ప్రేమదైతే, మిగతా సగం పక్క బెంచీలో కూర్చున్న అవతలి హీరో అభిమానిది. రేపు ఉదయం తరగతిలో వాడి మొహం చూడాలన్న ఆలోచనే ఈ రాత్రి టికెట్ కొనిపిస్తుంది. ఫుట్‌బాల్ క్లబ్బు నడిపేవారికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. తెలిసీ దానికి ఏర్పాటు చేయకపోవడమే నా ఫిర్యాదు.

ఏర్పాటు చేయడానికి అవకాశం లేకపోలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక్కడ ఉన్న కాలంలోనే శ్రీనిధి డెక్కన్ అనే మరో క్లబ్బు ఐ-లీగ్‌లో, అంటే సూపర్ లీగ్‌కు ఒక మెట్టు కింది లీగ్‌లో, ఆడేది. మొయినాబాద్ దారిలో, అజీజ్‌నగర్‌లో దానికి సొంత మైదానం ఉంది. 2022-23లో అది రెండో స్థానంలో నిలిచింది, పంజాబ్ జట్టు మొదటి స్థానం సంపాదించి పై లీగ్‌కు వెళ్లింది. 2023-24లోనూ అదే కథ, ఈసారి కోల్‌కతాకు చెందిన మొహమ్మడన్ స్పోర్టింగ్ వెళ్లింది. ఆ రెండింటిలో ఏ ఒక్కసారి శ్రీనిధి ఒక మెట్టు పైకి ఎక్కి ఉన్నా ఒకే లీగ్‌లో రెండు హైదరాబాద్ జట్లు ఉండేవి. సీజన్‌కు రెండుసార్లు పాతబస్తీ కుర్రాడు, కూకట్‌పల్లి కుర్రాడు ఎటువైపు నిలబడాలో తేల్చుకోవలసి వచ్చేది.

ఆ రెండు జట్లూ 2024 జనవరిలో సూపర్ కప్‌లో ఎదురుపడ్డాయి. ఎక్కడో తెలుసా? భువనేశ్వర్‌లో. వాటితో పాటు అదే గ్రూపులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా ఉన్నాయి. అంటే ఒకే గ్రూపులో కోల్‌కతా డెర్బీ, హైదరాబాద్ డెర్బీ రెండూ జరిగాయి. మొదటి దాని కోసం కోల్‌కతా ఊపిరి బిగబట్టింది. రెండోది జరిగిందన్న సంగతి మన నగరంలో ఎంతమందికి తెలుసో మీరే మీ పక్కవారిని అడిగి చూడండి. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

కోల్‌కతాను చూసి నేర్చుకోవాలంటే వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది సబబైనదే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఆ రెండు జట్ల మ్యాచ్ సందర్భంగా జరిగిన గొడవలో, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. పంతం ముదిరితే ప్రాణాలు తీస్తుంది. ఇక మన నగరంలో జట్లను బస్తీలను బట్టి, ఆ బస్తీలను మతాన్ని బట్టి చీల్చేవారు కాచుకుని కూర్చుని ఉంటారన్న భయం నాకూ ఉంది. అయితే అదే కోల్‌కతాలో ఒకే ఇంట్లో తండ్రి ఒక జట్టు, కొడుకు ఒక జట్టు అయి, గెలిచినవాడు రొయ్యలో, పులసకు అన్నలాంటి ఇలిష్ చేపో కొనుక్కొచ్చి ఓడినవాడి కంచం పక్కన పెట్టుకు తిన్న సాయంత్రాలు లెక్కలేనన్ని. గ్యాలరీలను వేరు చేయడం, పోలీసు బందోబస్తు, టికెట్ల నియంత్రణ అన్నీ చేతనయిన పనులే. ఐపీఎల్ మ్యాచ్‌లకు, గణేశ్ నిమజ్జనానికి చేస్తున్న మన పోలీసులకు డెర్బీ ఒక లెక్కలోది కాదు.

పోలీసుల మాట వచ్చింది కనుక చెబుతాను. దేశం మొత్తం పళ్లు నూరిన జట్టు ఒకప్పుడు మనకు ఉండేది, దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయనే కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. ఆయన నగరంలో కుర్రాళ్లకు పెట్టిన పోటీల గురించి మాత్రం తక్కువమంది మాట్లాడతారు. బంతిని ఒంటరిగా నడిపించుకు వెళ్లకూడదు, అందుకున్న వెంటనే అందించాలి అన్న నియమంతో ఒక టోర్నీ. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతో మరొక టోర్నీ. బస్తీకి బస్తీకి మధ్య పందెం రగిల్చి, ఆ పందెం చాటున పాఠం నేర్పిన మనిషి ఆయన. ఆ మైదానాల చుట్టూ నిలబడి అరిచిన పిల్లలను ఎవరూ ప్రకటనలు ఇచ్చి పిలవలేదు.

ఆ తరువాత మన ఆటగాళ్లను కోల్‌కతా తీసుకుపోయింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, మహమ్మద్ హబీబ్ అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి ఆ ఊరివాడే అయిపోయాడు. ఇప్పుడు నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది, ఆమె కూడా ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకుంది. తెలుగు పిల్ల ఒకతె దేశం తరఫున గోల్స్ కొడుతుంటే ఆమె బొమ్మ ఉన్న జెర్సీ అబిడ్స్‌లో ఒక్క దుకాణంలోనైనా దొరుకుతుందా? 2024 చివరి రోజున గచ్చిబౌలిలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా బెంగాల్, కేరళ జట్ల మధ్యే జరిగింది. మైదానం మనది, పంతం వాళ్లది.

ఇక మిగిలినవి చిన్న సంగతులు. పెద్ద మాటలు చెప్పేవారు వీటినే వదిలేస్తారు కాబట్టి చెబుతున్నాను. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియానికి ఆటోవాడు అడిగే డబ్బుతో పిల్లాడు నెల రోజులు టర్ఫ్ వాటా కట్టుకోవచ్చు. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ తొమ్మిదిన్నరకు ముగిస్తే, మరునాడు బడి ఉన్న పిల్లాడిని మలక్‌పేట నుంచి ఏ తల్లి పంపుతుంది? అజీజ్‌నగర్‌కైతే సొంత బండి లేనివాడు వెళ్లే ఆశే వదులుకోవాలి. నగరం నడిబొడ్డున, అసెంబ్లీ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో లాల్ బహదూర్ స్టేడియం ఉంది. ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి అది పనికివచ్చింది, సభలకు, విందులకు పనికివస్తోంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫుట్‌బాల్‌కు ఎందుకు పనికిరాదో క్రీడా శాఖవారు చెప్పాలి.

శ్రీనిధి యాజమాన్యాన్ని నేను అడిగేది ఇది. సీజన్‌లో కనీసం కొన్ని మ్యాచ్‌లైనా ఊళ్లోకి తీసుకురండి. మీకు సమ ఉజ్జీ లీగ్‌లో లేకపోతే ఊళ్లోనే వెతకండి. అబ్బాస్ యూనియన్ లాంటి పాత క్లబ్బులు, బార్కస్ కుర్రాళ్లు, సికింద్రాబాద్ వైపు రైల్వే, ఆర్మీ జట్లు ఉండనే ఉన్నాయి. సీజన్ మొదలయ్యే ముందు ఏటా ఒకే తేదీన, ఒకే మైదానంలో, హైదరాబాద్‌కు సికింద్రాబాద్‌కు మధ్య ఒక మ్యాచ్ పెట్టండి. దానికి ముందు రెండు వైపుల బడి పిల్లలకు రహీం సాబ్ పద్ధతిలో అలవాటు లేని కాలి ఆట పెట్టండి. ఆడిన పిల్లాడు తన క్లాసు మొత్తాన్ని వెంటేసుకు వస్తాడు. మొదటి ఏడాది గ్యాలరీ సగం కూడా నిండకపోవచ్చు. ఓడిన వైపు బడిలో సోమవారం ఉదయం ఒక్క కొట్లాట జరిగిందని తెలిస్తే మాత్రం, రెండో ఏడాది టికెట్లకు ధర పెట్టండి, నేనూ కొనుక్కునే వస్తాను.